సముద్రం మామ సంజాయిషీ

ఆ రోజుల్లో కాటన్‌పేటలో ఏ వార్తయినా మా ఇంటికి రేడియో అత్త నోటి మీదుగానే రావాలి. సముద్రం మామ గడువుకు ముందే ఓడ దిగి వచ్చేశాడన్న సంగతి కూడా ఆమే తెచ్చింది. (అత్త అన్నానని చుట్టరికం ఏమీ లేదు. పక్క వాటాలో ఉండేది, ఆమెకు బ్యాటరీ అయిపోవడమన్నది ఉండదు కాబట్టి ఆ పేరు.) నేను దేవుడి గదిలో ఒత్తులు చేసుకుంటున్నాను. ఆమె వాకిట్లోంచే మొదలుపెట్టింది. "ఏం పాపా, మీ మామ వొచ్చుండాడు గదా! మెజెస్టిక్ బస్టాండు కాడ ఆటోవానితో గలాటా చేస్తావుండాడు. ఒక కన్ను వంకాయ మాదిరి ఉబ్బుండాది, చేతికి కట్టు. ఇంకా నాలుగు నెలలు ఉండాది గదా వాడు రావల్సింది?" నేను వెంటనే దేవుడికి దండం పెట్టుకున్నాను, మామ ప్రాణాలతో వచ్చినందుకు. కన్ను, కట్టు, నాలుగు నెలలు, ఇవన్నీ తరువాత. ముందు దండం పెట్టుకుని ఆ తరువాత దేనికి పెట్టుకున్నానో విచారించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

నాకప్పుడు పదిహేడేళ్ళు. బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేది. అమ్మా నాన్నా పీణ్య ఫ్యాక్టరీల్లో లేతు మిషన్ల మధ్య ఉండేవాళ్ళు. ఆ ఇనుప పొడి నాకు పడదని అవ్వ దగ్గరికి, నూలు కొట్టు పైనున్న ఇంటికి, దూది పొడిలోకి పంపించారు. (ఆ తెలివికి కూడా దేవుడికి దండమే పెట్టాను, ఎందుకంటే బతికాను.) తాత పోయాక కొట్టు నడిపింది అవ్వే, నాకు చదువు చెప్పిందీ అవ్వే. ఆమెకు తెలిసిన పుస్తకాలు రెండే రకాలు, స్తోత్రాలు, వ్రతకథలు. అక్షరాలు వాటిలోనే దిద్దాను, వాక్యాలు వాటిలోనే నేర్చుకున్నాను. కాబట్టి పదిహేడేళ్ళు వచ్చేసరికి నా తెలుగు గంగలా పారేది, కానీ దేవుడికి తప్ప మరెవరికీ ఉత్తరం రాయడం చేతకాదు. ఈ లోపం ఒక మనిషి ఉద్యోగం మీదికి వస్తుందని నేనూ అనుకోలేదు, అవ్వా అనుకోలేదు.

సముద్రం మామ అవ్వకు ఆఖరి కొడుకు. మా ఇంట్లో అంతకు ముందు సముద్రం చూసినవాళ్ళు లేరు. కొళాయి రాని రోజున అవ్వ మనిషికి రెండు బిందెలు వంతు వేసే ఇల్లు అది. ఆ రెండు బిందెలతో విసిగిపోయే మామ ఓడ ఎక్కాడని రేడియో అత్త సిద్ధాంతం. సరుకు ఓడలో, అట్టడుగున, ఇంజన్‌కు చమురు పెట్టే పని. సెలవుకు వచ్చినప్పుడల్లా కథలు. "చుట్టూ చూస్తే నీళ్ళే పాపా, కొళాయి తిప్పితే మాత్రం కాటన్‌పేటే. తుప్పు రంగులో వొస్తాది. దాంట్లోనే కాఫీ పెడతారు, పొడి మరిచిపోయినా ఎవునికీ తెలీదు." రేవులో దిగడానికి ఇచ్చే నాలుగు గంటల సెలవు గురించయితే మరీను. "ఇరవై దినాలు ఇనుము తప్ప ఏమీ చూడని వాళ్ళను నాలుగు గంటలు వొదిలితే మేము మనుషులమా? తలుగు తెంచుకున్న ఎద్దులం. మొదటి గంట చొక్కా ఇస్త్రీకి, రెండో గంట గేటు కాడ కాగితాలకి, మూడో గంట గలాటాకి, నాలుగో గంట ఒకర్నొకరు మోసుకోని వొచ్చేదానికి."

అలాంటి ఒక మూడో గంటలో చేతిమీద ఆంజనేయస్వామిని పచ్చబొట్టు పొడిపించుకోబోయాడు. ఆ ఊరి పొడిచేవాడికి స్వామి ఎవరో తెలియదు. మామ చేతులతో అభినయించి చూపించాడు, వెనకాల తోక, చేతిలో గద అని. ఫలితంగా గొడుగు పట్టుకున్న ఉడుత తయారయింది. అవ్వ చాలాసేపు పరీక్షగా చూసి దానికీ దండం పెట్టింది. "పోనీలేరా, వారధి కట్టినప్పుడు దానికీ పనుండింది గదా." మామ ఊరుకుంటాడా? "అమ్మా, నీ సామి పాలసముద్రంలో పాము మీద పండుకోనుండాడు. డ్యూటీ లేదు, ఓవర్‌టైం లేదు, కాళ్ళు పిసికేదానికి అమ్మవారు. మా కెప్టెనూ అచ్చం అంతే, అమ్మవారొకటే తక్కువ." అవ్వ టపటపా లెంపలు వేసుకుంది, వాడి తరఫున. ఆ తరువాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను.

ఇంకొక సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఏళ్ళ తరబడి ఆ ఇంజన్ మోతలో ఉండి ముప్పై రెండేళ్ళకే మామకు చెవులు మందగించాయి. చెవులకు పెట్టుకునే మూతలు ముగ్గురికి ఒక జత ఇచ్చేవారట. తనకు వినబడటం లేదని ఆయన ఒప్పుకోడు, లోకమే మెల్లగా మాట్లాడుతోందని ఆయన వాదం. మామ రహస్యం చెబితే వీధి చివర ఇడ్లీ బండి దాకా వెళ్ళేది.

ఈసారి మాత్రం వచ్చినవాడు కథలు చెప్పలేదు. మెట్ల మీద జారానన్నాడు. నాలుగు రోజుల్లో కంపెనీ చెన్నై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రేవులో పానశాలలో పై అధికారి మీద చెయ్యి చేసుకున్నావు, ఓడ నుంచి దించేశాము, పదిహేను రోజుల్లో సంజాయిషీ రాయి, లేకపోతే ఇక ఏ ఓడా ఎక్కనివ్వము అని. ఓడ మనుషులకు ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దిగిన ప్రతిసారీ ప్రవర్తన బాగుందని అందులో ముద్ర వేస్తారు. ఒక్క చెడ్డ ముద్ర పడితే ఆ పుస్తకం ఉప్మా పొట్లానికి కూడా పనికిరాదు. అప్పుడు మామకు మిగిలేది నూలు కొట్టు. ఈ మాట వినగానే మామ కన్నా అవ్వ ఎక్కువ భయపడింది. ఎందుకంటే అంతకు ముందు సెలవుల్లో వాడు రెండు రోజులు కొట్లో కూర్చున్నాడు. నూలు మూటలకు ఓడ ముడులు వేశాడు. గిరాకీలు పళ్ళతో లాగి, మేకుతో పొడిచి, చివరికి మూటలు వాపసు తెచ్చి అవ్వ ముందు పడేశారు. "వాడు యాడైనా ఉండనీ, కొట్లో మాత్రం వద్దు దేవుడా" అని అవ్వ ఆ రోజే మొక్కుకుంది.

ఆ వ్యవహారం చూసే ఆఫీసరు కాకినాడ మనిషి. మామ ఫోన్ చేస్తే, "నీకొచ్చిన భాషలోనే రాసుకోవయ్యా, కానీ నిజం రాయి" అన్నాడట. మామ చదివింది కన్నడంలో, అదీ ఏడో తరగతి దాకా. అందుకని మధ్యాహ్నం కొట్టు మూసి అవ్వ కునుకు తీసే వేళకు నన్ను మిద్దె మీదికి తీసుకుపోయాడు. "అమ్మకి తెలీకూడదు" అన్నాడు. పక్క మిద్దె మీది పావురాలు లేచిపోయాయి.

"మెల్లగా మామా!"

"మెల్లగానే గదా చెప్తావుండాను! రాసుకో. ఆరుగురు వొచ్చినారు నా మీదికి."

నేను కలం కింద పెట్టాను. నాకొక నియమం ఉంది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పైన 'శ్రీరామ' అని రాశాక ఆ కాగితం మీద అబద్ధం రాయను. ఆ మాటే చెప్పాను. మామ తల గోక్కున్నాడు. "సరే, ముగ్గురని రాయి." నేను కలం ముట్టుకోలేదు. "ఒకడేలే. కానీ భారీ మనిషి." నేను శ్రీరామ వైపు చూశాను. మామ నిట్టూర్చాడు. "పాపా, నిజం చెప్పాలంటే నేను కొట్టింది ఎవర్నీ కాదు."

అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఓడలో ఒక ముసలి ఫిట్టర్ ఉండేవాడు. మామకు పని నేర్పినవాడు, ఇంకో రెండేళ్ళలో పింఛనుకు పోవలసినవాడు. ఆ వారమంతా నిద్ర లేదు. (రోజుకు పది గంటలు పడుకున్నట్టు రిజిస్టరులో సంతకాలు మాత్రం అందరి చేతా పెట్టించేవారు.) చమురు శుద్ధి చేసే గదిలో, ఆ సెగలో, పెద్దాయన నిలువునా కూలిపోయాడు. వాళ్ళ పై అధికారి, రెండో ఇంజనీరు, వచ్చి చూసి, "ఉప్పునీళ్ళు తాగించి లేపండి, ఎనిమిది గంటల్లో బయలుదేరాలి" అని తాను షోకుగా తయారై ఊళ్ళోకి పోయాడు. డాక్టరు కావాలంటే కాగితం పుడుతుంది. కాగితం పుడితే పనికి పనికిరాడని పెద్దాయనను ఇంటికి పంపేస్తారు, ఆ రెండేళ్ళూ పోతాయి. అందుకని మామా, ఇంకో కుర్రాడూ ఒక ఉపాయం ఆలోచించారు. పెద్దాయనకు మామ పూల చొక్కా తొడిగి, చెరో భుజం పట్టుకుని, తాగుబోతులు ఆ నాలుగు గంటల సెలవుకు పోతున్నట్టు పాడుకుంటూ ఓడ మెట్లు దిగారు.

"తాగి ఓడకు వస్తారు గానీ, తాగి ఓడలోంచి పోతారా మామా?"

"అదే గదా తప్పు! మెట్ల కాడ కాపలావాడూ అదే అడిగినాడు. ఏం చెప్పాల్నో తెలీక ఇంకా గట్టిగా పాడినాను. తట్టుకోలేక వొదిలేసినాడు."

గేటు బయట టాక్సీ ఎక్కారు. భాష రాదు. డాక్టరు కావాలని మామ మళ్ళీ అభినయం మొదలుపెట్టాడు. పెద్దాయన గుండె చూపించాడు, నోట్లోకి మందు పోస్తున్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. (ఉడుత అప్పుడే గుర్తుకు రావలసింది.) పూల చొక్కా వేసుకుని వేలాడుతున్న మనిషి, నోట్లో ఏదో పోయమంటున్న ఇంకో మనిషి. టాక్సీవాడికి సందేహమే కలగలేదు. నేరుగా తీసుకుపోయి పానశాల ముందు దించాడు. లోపల గ్లాసు పట్టుకుని కూర్చున్నది ఎవరు? రెండో ఇంజనీరే. "ముసలోడిని తాగించేదానికి తెచ్చినారా?" అని లేచి పెద్దాయన కాలరు పట్టుకుని కుదిపాడు. పెద్దాయన నోరు తెరవలేదు, తెరిచే ఓపిక లేదు.

"నేను చెయ్యి విసిరినాను పాపా."

"కొట్టావా?"

"ఆయన వొంగినాడు. వెనక స్తంభం వొంగలేదు."

వేలు విరిగింది అందుకు. కన్ను మాత్రం ఇంజనీరు గారి ప్రసాదమే. ఇంతలో ఆ కొట్టు యజమానురాలు గల్లా దగ్గర్నుంచి లేచింది. రెండు ద్వారబంధాలు నిండే మనిషట. ఇంజనీరును ఒక చేత్తో పక్కకు జరిపి, పెద్దాయన రెప్ప ఎత్తి చూసి, మారుమాట లేకుండా భుజాన వేసుకుని తన వ్యాను ఎక్కించింది. డాక్టరును నిద్ర లేపి, సూది వేయించి, సెలైను ఎక్కించి, ఓడ కదలడానికి గంట ముందు మెట్ల దగ్గర దించి వెళ్ళింది. ఒక్క పైసా పుచ్చుకోలేదు. మామ దండం పెడితే ఆయన ఉబ్బిన కన్ను చూసి నవ్విందట.

"ఇంత మంచి సంగతి రాయడానికి ఏం మామా?" అన్నాను.

"పిచ్చిదానా, పెద్దాయన సంగతి రాస్తే ఆయన పని పోతాది. రాయకపోతే నా పని పోతాది. నన్ను తాగుబోతని రాసెయ్యి, పోనీ. నేను చిన్నోడిని, నూలైనా అమ్ముకుంటాను." ఆ మాట మాత్రం నిజంగానే మెల్లగా చెప్పాడు. మామ మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నేను అబద్ధం రాయను. నిజం రాస్తే ముసలాయనకు ముప్పు. రెండు రోజులు దేవుడి ముందు కూర్చుని ఏడ్చాను. మూడో రోజు నాకు తెలిసిన పుస్తకాలే దారి చూపించాయి. వ్రతకథల్లో ఎక్కడైనా పేరు ఉంటుందా? ఒకానొక ఊరిలో ఒకానొక భక్తుడు, అంతే కదా! "మామా, ఆయన పేరు నాకు చెప్పొద్దు. తెలియని పేరు రాయలేను కదా" అన్నాను. ఇక కలం ఆగలేదు. ఆ కాగితంలో కొంత మీరే చూడండి.

"శ్రీరామ. కరుణాసముద్రులును, నౌకాధిపతులకు అధిపతులును అగు ఆఫీసరు గారి పాదపద్మములకు దాసానుదాసుడు చేయు అపరాధ నివేదనము. మాకు నిద్రయను వరము కాగితమున మాత్రమే ప్రసాదింపబడుచున్నది. ఒకానొక వృద్ధ భక్తుడు అగ్నిగుండమువంటి గదిలో సొమ్మసిల్లగా, వైద్యుని వెదకుచు దైవయోగమున పానశాలను చేరితిమి. అచట కోపపిశాచమునకు లోబడి చేయి విసిరితిని. ఇంజనీరు గారు వంగిరి. స్తంభము వంగలేదు. అంతట ఆ పానశాలకు అధిదేవతయగు మాత ప్రత్యక్షమై వృద్ధుని ఉద్ధరించెను." ఆఖరున, నేను చదివిన ప్రతి పుస్తకమూ ఎలా ముగుస్తుందో అలాగే ముగించాను. "ఈ సంజాయిషీని భక్తిశ్రద్ధలతో చదివినవారికిని, చదివించినవారికిని, విన్నవారికిని ఆయురారోగ్యైశ్వర్యములును, సముద్రయానమున సకల విఘ్ననివారణమును కలుగును. మంగళం మహాశ్రీ."

మామకు చదివి వినిపించాను. సగం అర్థమయింది, మిగతా సగానికి భయభక్తులతో తల ఊపాడు. రిజిస్టరు పోస్టులో పంపేశాం. ఆ సాయంత్రమే నా చిత్తుప్రతి రేడియో అత్త చేతిలో పడింది. ఆమె చదువుతూ చదువుతూ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. "పాపా! ఆఫీసు కాగితానికి ఫలశ్రుతి రాసినావా? ప్రసాదం పంపేది యాల మరిచినారు?" మామ ముఖం చూస్తే ఉబ్బని కన్ను కూడా ఉబ్బినట్టు ఉంది. ఆఫీసు ఉత్తరాలు వేరే రకంగా ఉంటాయని నాకు ఎవరు చెప్పారు? (చెప్పినా నమ్మేదాన్ని కాదు. పాదపద్మాలు లేని పెద్దమనుషులు ఉంటారా?)

తరువాతి పదకొండు రోజులు మామ కొట్లో కూర్చుని మామూలు ముడి వేయడం సాధన చేశాడు. అవ్వ పక్కనే కత్తెర పట్టుకుని కూర్చుంది. "ఒరే, ఇది మూటరా, లంగరు కాదు." ఒకసారి ముడి వదులుగా వేస్తే వీధంతా దారం పరుచుకుంది. నేను గంటకో ప్రదక్షిణం చేశాను. నా భక్తి వల్ల మా మామ జీవితాంతం నూలు అమ్మవలసి వస్తే ఆ పాపం ఎవరిది అని దేవుడినే అడిగాను.

పన్నెండో రోజు కొట్లో ఫోను మోగింది. మామ "హలో!" అన్న అరుపుకు గిరాకీ ఒకాయన కండెలు కింద పడేశాడు. తనకు వినబడటం లేదని మామ ఫోను నాకిచ్చాడు. అవతల కాకినాడ గొంతు. "ఏవమ్మాయ్, అది రాసింది నువ్వేనా?" నా ఆయాసం తిరిగొచ్చింది. "చిత్తం" అన్నాను. అవతల దగ్గులాంటి చప్పుడు వచ్చింది. ఆయన నవ్వుతున్నాడని తరువాత తెలిసింది. "ఇన్నేళ్ళుగా ఇలాంటి కాగితాలు చదువుతున్నానమ్మా. చదివినందుకు నాకు పుణ్యం వస్తుందన్న కాగితం ఇదే మొదలు. మీ మామతో చెప్పు, అధికారి మీద చెయ్యెత్తినందుకు మందలింపు ఉంటుంది, స్తంభాన్ని కొట్టినందుకు శిక్ష వెయ్యడానికి మా దగ్గర రూలు లేదు. వచ్చే నెల ఓడ ఎక్కమను. ఇంక ఆ వృద్ధ భక్తుడెవరో నేనడగను. రేపు ఆ ఓడ రేవుకొస్తోంది. యాభై దాటిన ప్రతివాణ్ణీ డాక్టరుకు చూపించమన్నాను, జబ్బున్నవాళ్ళకి ఒడ్డునే పని చూస్తాం. ఆ నిద్ర రిజిస్టరు కూడా తెప్పిస్తున్నాను." ఫోను పెట్టేసే ముందు, "నా విఘ్నాలు ఎప్పట్నుంచి పోతాయో చెప్పలేదేవమ్మా నువ్వు" అన్నాడు.

మామ నన్ను ఎత్తి తిప్పాడు, రేడియో అత్త వీధికి చెప్పడానికి పరుగెత్తింది. అవ్వ మాత్రం చడీచప్పుడు లేకుండా పైకెళ్ళింది. వెళ్ళి చూస్తే దేవుడి ముందు ఎప్పుడూ ఉండే రెండు ఒత్తుల పక్కన మూడోది వెలిగిస్తోంది.

"ఇదెవరికి అవ్వా?"

"ఆ సారాయంగడామెకి."

అవ్వకు అసలు సంగతి తెలియకూడదని కదా మిద్దె ఎక్కింది! అవ్వ నా వైపు తిరిగి చూడనైనా చూడలేదు. "వాడు మిద్దె మీద రహస్యం చెప్తే కాటన్‌పేటలో ఇంక ఎవురు పండుకుంటారు? పప్పుబెల్లాలోడు కూడా స్తంభం కాడికి వొచ్చేసరికి బండి నిలిపినాడు. ఒత్తి సరిగ్గ తొయ్యి."

ఆ మూడో ఒత్తి అవ్వ ఉన్నన్నాళ్ళూ శుక్రవారం తప్పలేదు. ముసలాయనకు ఒడ్డున స్టోరులో కూర్చునే పని ఇచ్చారు, ఆ రెండేళ్ళూ పూర్తిచేసి దర్జాగా ఇంటికెళ్ళాడు. మామ ఇంకా చాలా ఓడలు ఎక్కాడు, చాలా రేవుల్లో చాలా మూడో గంటలు గడిపాడు. ఇప్పుడు అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీ డ్రైవర్లకు భోజనం హోటలు పెట్టుకున్నాడు. చెవిలో మిషను ఉంటుంది గానీ, డ్రైవర్ల గోల పడదని తీసి గల్లాపెట్టెలో పెడతాడు. ఆ సంజాయిషీ నకలుకు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. పోయిన నెల వెళ్ళినప్పుడు చూస్తే, దానికీ పూలదండ, అగరుబత్తి. తెలుగు డ్రైవరు ఒకాయన చేతులు జోడించి ఫలశ్రుతి చదువుతున్నాడు. "సముద్రయానం అనుండాది. రోడ్డుకి కూడా పని చేస్తాదా అక్కా?" అని నన్నే అడిగాడు. చేస్తుందన్నాను.

ఆ అద్దంలో పదిహేడేళ్ళ పిల్ల గుండ్రటి అక్షరాల మీద నా నెరిసిన జుట్టు కనబడింది. ఇప్పుడయితే నేను ఆఫీసు కాగితం ఆఫీసు కాగితంలాగే రాయగలను. నేర్చుకున్నాను. అందువల్ల ఎవరి ఉద్యోగమూ నిలబడినట్టు నాకు గుర్తు లేదు. పాదపద్మాలు లేని మనుషులుండరని నమ్మిన ఆ పిల్లను చూస్తే నవ్వు వచ్చింది, కొంచెం అసూయ కూడా వేసింది.

అవ్వ పోయాక ఆ మూడో ఒత్తి నేను వెలిగిస్తున్నాను. ఇది చదివిన మీకు ఒక్క మనవి. మీరు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా సరే, ఆ చివర ఆమెను కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆమె పేరు నాకు తెలియదు, ఊరి పేరు మామకు నోరు తిరగదు. స్తంభం ఉన్న కొట్టమ్మ అనండి, చాలు. వినేవాడికి తెలుస్తుంది.